పచ్చపొడి రాల్చే కొక్కు

1981 ఆగస్టులో ఒక ఆదివారం పుంగనూరులో ఆదినారాయణ మాస్టరు ఇంట్లో అందరూ, అక్కడ పుట్టకొక్కులనే పుట్టగొడుగుల కూరతో సంగటి తిన్నారు. చేతులు కడుక్కుని రెండు గంటలు కాకముందే ఒకరి వెనక ఒకరు పెరట్లోకి పరుగెత్తి వాంతులు చేసుకున్నారు. మాస్టరు, ఆయన భార్య యశోదమ్మ, ఇద్దరు ఆడపిల్లలు. ఇరుగుపొరుగు వాళ్లు వాళ్లను మదనపల్లె బస్సు వెనక సీట్లలో పడుకోబెట్టి ఆసుపత్రికి చేర్చారు. సెలైన్ ఎక్కించారు. ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు. నాలుగు రోజులు తిరక్కముందే అందరూ నడిచి ఇంటికి వచ్చారు.

ఆ కొక్కులు అమ్మింది గుల్జార్ బీ.

గుల్జార్ బీకి అప్పటికి నలభై దాటాయి. ఆమె భర్త బాబు సాహెబ్ ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు. ఆయన కొలిమి ముందు గిన్నె తిప్పుతుంటే ఆమె పక్కన కూర్చుని తిత్తి ఊదేది. స్టీలు గిన్నెలు వచ్చి ఆ పనిలో సగం తినేశాయి. వానాకాలంలో బొగ్గు చెమ్మెక్కి మిగతా సగమూ ఆగిపోయేది. ఆ నెలల్లో ఆ ఇంటి పొయ్యి వెలిగించేది పుట్టకొక్కులే. గట్టిగా ఉరిమి వాన పడిన మర్నాడు పొద్దున్నే చౌడేపల్లె బస్సులోంచి ఆడవాళ్లు గంపలు దించేవాళ్లు. గుల్జార్ బీ వాటిని బేరమాడి కొని, ఇంట్లో శుభ్రం చేసి, మదనపల్లె బస్సు ఆగేచోట గోనెపట్టా పరిచి కుప్పలు పోసేది.

శుభ్రం అంటే ఆమెకు మహా పట్టింపు. పుట్టకొక్కుకు కింద పొడవైన తోక ఉంటుంది. పుట్టలోకి జానెడు దిగుతుంది, ఒక్కోసారి మూరెడు కూడా దిగుతుంది. మట్టి పట్టి నల్లగా ఉండే ఆ తోకను ఆమె మొదలంటా కోసేసేది. నెత్తిన ఉండే గోధుమరంగు తోలును భర్త దగ్గరి రేకుముక్కతో గీకేసేది. రెండు నీళ్లలో కడిగాక ఆమె కుప్పలు ఒలిచిన వెల్లుల్లిపాయల్లా తెల్లగా మెరిసేవి. "గుల్జార్ బీ కొక్కులు అట్లే సట్టిలో ఎయ్యొచ్చు" అని పేరు. అందులోనూ అందరికీ మొగ్గలే కావాలి. గొడుగు విచ్చుకుంటే పురుగు పడుతుందని, రుచి పోతుందని ఊళ్లో గట్టి నమ్మకం. అందుకని ఏరేవాళ్లూ మొగ్గలే ఏరేవాళ్లు. గంపలో వచ్చిన విచ్చిన కొక్కులను గుల్జార్ బీ అమ్మేది కాదు. అవి ఆమె ఇంట్లో కూరకు పోయేవి.

మాస్టరు ఇంట్లో అందరూ పడిపోయారన్న కబురు విన్నప్పుడు ఆమెకు మొదట వచ్చిన ఆలోచన, తామూ అదే గంపలోవి తిన్నాం కదా అని. అదే పొద్దు, అదే గంప. తాను తిన్నది, బాబు సాహెబ్ ఇంకో ముద్ద ఎక్కువే తిన్నాడు. ఇద్దరికీ త్రేన్పు కూడా రాలేదు.

యశోదమ్మ కోలుకున్నాక బస్టాండు దగ్గరికి స్వయంగా వచ్చింది. దూరం నుంచే ఆమెను చూసి గుల్జార్ బీ లేచి నిలబడింది. బస్సు కోసం నిలబడ్డవాళ్లు చెవులు ఇటు తిప్పారు.

"యాల లేస్తావు బీబమ్మా, కూచో" అంది యశోదమ్మ. "నిన్నేమీ అనను. పుట్టలో పాము ఊదింటాది. మా అత్త అప్పుడే సెప్పింది. పాము గాలి తగిలిన కొక్కు తింటే ఇట్లే అవుతాది. నీ తప్పేముండాది దాంట్లో?"

చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. పాము ఊదిన కొక్కు సంగతి ఎవరికి తెలియదు? ఒకాయన వాళ్ల తాతకు జరిగింది చెప్పాడు. ఇంకొకామె వాళ్ల మేకకు జరిగింది చెప్పింది. గుల్జార్ బీ మీద పడవలసిన మాట పాము మీద పడింది. ఆ పూట కుప్పలు కూడా ఎప్పటిలాగే అమ్ముడుపోయాయి.

ఇంకొకరైతే అక్కడితో ఆ సంగతి వదిలేసేవాళ్లు. గుల్జార్ బీకి మాత్రం అది పంటి సందులో ఇరుక్కున్న పోగులా తగులుతూనే ఉంది. పాము ఊదితే పుట్టంతా ఊదాలి. ఆ పుట్టలోవే తామూ తిన్నారు. ఏరి ఏరి మాస్టరింటి కుప్ప మీదే ఎట్లా ఊదింది?

ఆ మాటే రాత్రి భర్తతో అంది. వాళ్లిద్దరూ ఇంట్లో దక్కనీలోనే మాట్లాడుకుంటారు. పోట్లాడుకోవడానికి మాత్రం తెలుగు.

"పామంటాండారు గదా, పామే అనుకో!" అన్నాడు బాబు సాహెబ్, తెలుగులో. "కొక్కులంటే నీ పేరు పోతాది. గిన్నెలో చిలుమంటే నా పేరు పోతాది. వాళ్లింటి గిన్నెలకు కళాయి పూసింది నేనే. పామైతే ఎవురి పేరూ పోదు. పామొచ్చి కొట్లాడతాదా నీతో?"

"కొట్లాడదు. కానీ నాకు తెలుసుకోవాలని ఉండాది."

"తెలుసుకోని?"

ఆమె దీపం తగ్గించి పడుకుంది.

మర్నాడు చౌడేపల్లె బస్సు దిగిన సిద్దమ్మను పట్టుకుంది. ఆ ఆదివారం గంప సిద్దమ్మదే.

"ఆ పొద్దు కొక్కులు యాడ ఏరినావు సిద్దమ్మా?"

సిద్దమ్మ మొహం తలుపేసినట్టు మూసుకుపోయింది. పుట్ట ఎక్కడుందో చెప్పడమంటే ఇంటి తాళంచెవి ఇవ్వడమే. ఆ చోటు తెలిస్తే మర్నాడు ఇంకొకరు ముందే పోయి ఏరుకుంటారు. "నా కోడలికే సెప్పలేదు, నీకు సెప్తానా?" అంది. "పుట్ట మీదే ఏరినా. పుట్టకొక్కు పుట్ట మీద గాక అటక మీద మొలుస్తాదా?"

"అన్నీ పుట్ట మీదివేనా? పక్కన గడ్డిలోవి ఏమన్నా..."

"మొగ్గ మొగ్గే. తెల్లగుంటే ఏరుతా. సాలు పో, యాపారం సెయ్యి" అని గంప బోర్లించి వెళ్లిపోయింది.

ఆ రోజు గుల్జార్ బీ వెంటనే కత్తి పట్టుకోలేదు. గంపలోవి గచ్చు మీద పరిచి, మట్టితోనే, తోకలతోనే, ఒక్కొక్కటీ ఎత్తి చూసింది. ఇన్నేళ్లుగా కోసి పారేసినవాటిని చూడటం అదే మొదలు. దాదాపు అన్నిటికీ పొడవైన తోక ఉంది, సన్నబడుతూ పోయి చివర తెగింది. నెత్తిన గట్టి ముక్కులాంటి మొన ఉంది. రెండింటికి మాత్రం తోక లేదు. కాడ అడుగున ఉల్లిగడ్డలా ఉబ్బి ఆగిపోయింది. నెత్తిన మొన కూడా లేదు, గోధుమరంగు చెక్కు మాత్రం అంటుకుని ఉంది. తర్వాత అన్నిటితోపాటు ఆ రెండింటినీ కూడా ఎప్పటిలాగే కోసి, గీకి, కడిగి, కలిపేసింది. మళ్లీ వెతికింది. దొరకలేదు. తానే కలిపినవి తనకే దొరకలేదు.

ఆ పూట ఆమె వ్యాపారానికి పోలేదు. గంపెడు కొక్కులు దిబ్బ మీద పారబోసింది. బాబు సాహెబ్ తిట్టిన తిట్లు వీధి చివరిదాకా తెలుగులోనే వినిపించాయి.

రెండు మొగ్గలు తేడాగా ఉన్నంత మాత్రాన అవి చెడ్డవని ఎట్లా చెప్పడం? మనుషుల్లో కూడా ముక్కు లేనివాళ్లు ఉంటారు. విచ్చుకుంటే ఎట్లా ఉంటాయో చూద్దామంటే కోసేసిన మొగ్గ విచ్చుకోదు. తర్వాత వచ్చిన గంపల్లో అలాంటివి తగల్లేదు. ఆ సంగతి అట్లా ఉండగానే సెప్టెంబరులో కుప్పంలో చెల్లెలు అజీజాబీ కూతురి నిఖా వచ్చింది.

నిఖా అయిన మర్నాడు గుల్జార్ బీ రైల్వే స్టేషను అవతలి బీడులోకి పోయింది. రాత్రి వాన పడింది. గడ్డిలో తెల్లటి పెద్ద గొడుగులు గుండ్రంగా, బంతిభోజనానికి విస్తళ్లు వేసినట్టు వరసగా ఉన్నాయి. కొన్ని పళ్లెమంత విచ్చుకున్నాయి. కొన్ని ఇంకా మొగ్గలు. ఆ మొగ్గలను చూడగానే ఆమె చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. అంత బాగున్నాయి. తన గంపలో పడి ఉంటే కళ్లు మూసుకుని అమ్మేది.

ఒకటి పెరికింది. తోక లేదు. అడుగున ఉల్లిగడ్డ. నెత్తిన గోధుమరంగు చెక్కు.

పక్కనే విచ్చుకున్నదాన్ని పెరికి తలకిందులు చేసింది. పుట్టకొక్కు గొడుగు కింద లంగా కుచ్చిళ్లలాగా మడతలుంటాయి. అవి తెల్లగా ఉంటాయి, ముదిరితే కాస్త గులాబీ తిరుగుతాయి. దీని కుచ్చిళ్లు పాచిపట్టిన నీళ్ల రంగులో, పచ్చగా ఉన్నాయి.

కాస్త దూరంలో బర్రెను మేపుతున్న ఆమె ఇటే చూస్తోంది. పేరు మునిలక్ష్మి అని తర్వాత చెప్పింది.

"ఏమక్కా, దాన్ని తింటావా ఏంది?"

"వీటి పేరేంది తల్లీ?"

"పేరేముండాది? కుక్కగొడుగు."

"మొన్న మా ఊళ్లో ఇంకోటి సూసినా, ఎర్రగా, చెట్టు మొద్దుకు మొలిచింది. దాని పేరు?"

"అదీ కుక్కగొడుగే."

"నల్లగా కారిపోయేది, పేడలో మొలిచేది?"

"అదీ అంతే గదక్కా. తినేది కొక్కు, తిననిది కుక్కగొడుగు. పేర్లు పెట్టి పిలిస్తే పలుకుతాయా?"

"తినేదో కాదో ఎట్లా తెలుస్తాది?"

"తింటే తెలుస్తాది" అని మునిలక్ష్మి బర్రెను అదిలించింది.

ఆ జవాబు గుల్జార్ బీకి బస్సెక్కేదాకా నవ్వు తెప్పించింది, ఎక్కాక తెప్పించలేదు. తిన్న తర్వాత పెట్టే పేరు తినబోయేవాడికి ఏం పనికొస్తుంది? ఒక మొగ్గను, ఒక విచ్చినదాన్ని తెల్లటి చేతిగుడ్డలో మూటగట్టి ఒళ్లో పెట్టుకుంది. పలమనేరులో బస్సు మారింది. గంగవరం దాటాక మూట విప్పి చూసింది. గొడుగు ఆనిన చోట గుడ్డ మీద పచ్చటి పొడి రాలి ఉంది. ఊరికే రాలలేదు. మధ్యలోంచి అంచులకు సన్నటి గీతలు గీతలుగా, ఒక్కో కుచ్చిలికి ఒక్కో గీత చొప్పున, అచ్చు గుద్దినట్టు పడింది.

ఇంటికి పోయి గుడ్డ పరిస్తే బాబు సాహెబ్ వంగి చూసి గోటితో తాకాడు. "చిలుము!" అన్నాడు. ఇత్తడితో బతికినవాడికి పచ్చగా కనిపించిందల్లా చిలుమే.

"చిలుము కొక్కులో యాల ఉంటాది?"

"నాకేం తెలుసు? మదనపల్లెలో నీ తోకల సారుండాడు గదా, ఆయన్నడుగు."

తోకల సారు అంటే మదనపల్లెలో ఒక కాలేజీలో బోటనీ లెక్చరరు వెంకటరమణప్ప. పుంగనూరు మీదుగా పోయినప్పుడల్లా ఆమె దగ్గర కొక్కులు కొనేవాడు. తోకలు కొయ్యకుండా ఇమ్మని అడిగే గిరాకీ ఆయనొక్కడే. ఇంతకాలం గుల్జార్ బీ ఆయనకు కాస్త తిక్క అనుకుంది.

కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్ ఆమెను చూసి కళాయికి వచ్చిందనుకుని హాస్టలు వంటింటి దారి చూపించాడు. లెక్చరరు పేరు చెప్పాక లోపలికి పంపాడు. వెంకటరమణప్ప గుడ్డ చూడగానే కుర్చీలోంచి లేచాడు.

"ఎక్కడిదమ్మా ఇది?"

"కుప్పంలో, బీట్లో, గడ్డిలో."

ఆయన బీరువాలోంచి లావుపాటి ఇంగ్లీషు పుస్తకం తీశాడు. అందులో ఎక్కువ ప్రశ్నలేనని, ఒక ప్రశ్నకు అవునంటే ఒక చోటికి, కాదంటే ఇంకో చోటికి పంపుతుందని చెప్పాడు. గొడుగు కింద మడతలున్నాయా, రంధ్రాలున్నాయా? మడతలు. మడతలు కాడకు అంటుకున్నాయా, విడిగా ఉన్నాయా? విడిగా. కాడకు కడియంలాంటి పట్టీ ఉందా? ఉంది. ఆయన వేలితో దాన్ని పైకీ కిందికీ జరిపి చూపించాడు. ఇది కూడా ఆమె ఎన్నడూ చూడలేదు. అడుగున గిన్నెలాంటి తొడుగుందా? లేదు. పొడి ఏ రంగు?

"పచ్చ" అని ఇద్దరూ ఒకేసారి అన్నారు.

"పచ్చపొడి రాల్చే పెద్ద గొడుగు ఈ పుస్తకంలో ఒక్కటే ఉందమ్మా. క్లోరోఫిల్లమ్ అంటారు. పచ్చటి రేకులు అని అర్థం. నేను బొమ్మలో చూడటమే, చేత్తో పట్టుకోవడం ఇదే మొదలు." ఆయన గొంతులో లాటరీ తగిలినవాడి సంతోషం. "మొగ్గలో ఉన్నప్పుడు రేకులు తెల్లగానే ఉంటాయట. విచ్చుకుని బాగా ముదిరాకే పచ్చబడతాయి."

పొడిని గాజుపలక మీద వేసి సూక్ష్మదర్శినిలో చూపించాడు. ఒక కన్ను మూసి గుల్జార్ బీ చాలాసేపు చూసింది. కోడిగుడ్లు, ఒక కొసన కాస్త కత్తిరించినట్టున్నవి, లెక్కలేనన్ని. ఒక్కోదాని నుంచి ఒక కొక్కు రావచ్చని ఆయన చెబితే మళ్లీ చూసింది.

"ఇది మా పుట్టకొక్కుకు ఏమవుతాది సార్? చెల్లెలా?"

"చుట్టమే కాదు. మొహం పోలిక, అంతే. పుట్టకొక్కు చెదపురుగులు లేనిచోట మొలవదు. పుట్ట లోపల చెదలు దాన్ని పెంచుకుంటాయి. అందుకే దానికంత తోక. గట్టి మట్టిని చీల్చుకుని పైకి రావాలి, అందుకే నెత్తిన ఆ ముక్కు. గడ్డిలో మొలిచేదానికి తోకతో, ముక్కుతో ఏం పని?"

తోక, ముక్కు. తాను రోజూ కోసినవి, గీకినవి. రెండింటినీ వేరుచేసి చెప్పే గుర్తులు అవేనని, వాటిని చక్కగా తీసేసి తాను అమ్ముతున్నానని గుల్జార్ బీకి అప్పుడు అర్థమైంది. కడియం కూడా గొడుగుతోపాటే విచ్చుకుంటుంది. మొగ్గలో అదీ కనిపించదు.

"అయితే మాస్టరింట్లో తిన్నది ఇదేనా సార్?"

వెంకటరమణప్ప పుస్తకం మూశాడు. "అది నేను చెప్పలేను. ఇది తింటే మూడు గంటల లోపల వాంతులవుతాయని రాశారు, అంతవరకు సరిపోయింది. కానీ ఇది కుప్పం గడ్డిలోది. వాళ్ల కూరలో ఏముందో ఎవరు చూశారు? చౌడేపల్లె పక్క ఇది మొలుస్తుందో లేదో కూడా నాకు తెలియదు. తెలియనిది తెలియదనే అంటాను."

ఆమె వచ్చిన దారినే తిరిగొచ్చింది. సగం తెలిసింది. ఆ సగంతో ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆ ఏడు ఆఖరి గంపల్లో విచ్చి వచ్చిన మంచి కొక్కును ఒకదాన్ని తీసి, నల్లటి బురఖా ముక్క మీద బోర్లించి చూసింది. లేత గులాబీ పొడి రాలింది. ఇన్నేళ్లు అమ్మిన సరుకుకు ఒక రంగుందని తెలిసి ఆ ముక్కను చుట్టుపక్కల ఆడవాళ్లందరికీ చూపించింది. "దీంతో ఏం కుడతావు?" అని అడిగారు వాళ్లు.

మిగతా సగం మరుసటి ఏడు జూన్‌లో, ఆమె పెరటి గోడ అవతలే మొలిచింది.

గోడ అవతల ఒక దిబ్బ ఉంది. అక్కడ పారబోసేది ఆ ఇంటివాళ్లే: కొలిమి బూడిద, మేకల పెంట, ఏళ్ల తరబడి కోసిన కొక్కుల తోకలు, గీకిన తోళ్లు. రంజాన్ నెల ఇంకా మొదలుకాలేదు. మంచి వాన ఒకటి పడింది. రెండు రోజులకు దిబ్బ మీద తెల్లటి మొగ్గలు లేచాయి. గుల్జార్ బీ వాటి జోలికి పోలేదు, ఎవరినీ పోనివ్వలేదు. పళ్లెమంత విచ్చుకున్నాక ఒకటి కోసి తెల్లగుడ్డ మీద బోర్లించింది. పొద్దున్నే చూస్తే గుడ్డ మీద పచ్చటి గీతలు.

బాబు సాహెబ్ గుడ్డను చూశాడు, దిబ్బను చూశాడు. "పుట్టకొక్కుల తోకలేస్తే పుట్టకొక్కులు గదా మొలవాల?"

"చెదలు లేందే అవి మొలవవంట. ఇది మొలిచిందంటే, నేనేసిన చెత్తలోనే వచ్చుండాల. ఎన్నేండ్ల నుంచి వస్తాండాదో! మనం తినేది విచ్చినవి. విచ్చినాంక ఇది ఎవురికైనా కుక్కగొడుగు మాదిరే కనపడతాది, సిద్దమ్మ ఏరదు. మొగ్గైతే ఏరుతాది. నేను గీకుతా. వాళ్లు తింటారు."

బాబు సాహెబ్ బీడీ ముట్టించాడు. కోపం వచ్చినప్పుడు తెలుగులో అరిచే మనిషి ఇప్పుడు మెల్లగా, దక్కనీలో అన్నాడు: ఎవరూ అడగలేదు, పాము అన్నారు, ఊరుకున్నారు. ఇకమీదట నువ్వు జాగ్రత్తగా చూసుకో. చెప్పడమెందుకు?

ఆయన మాటలో తప్పేమీ లేదు. చెబితే వానాకాలం తిండి పోతుంది. చెప్పకపోతే ఇంకొక బస్టాండులో ఇంకొకరు ఇట్లాగే గీకి అమ్ముతుంటారు, ఇంకొక ఇంట్లో పాము ఊదుతుంది. ఆమె ఆ రోజంతా దిబ్బను కుళ్లగించి, సున్నం చల్లింది. సాయంత్రం కొంగులో ఆ గుడ్డ పెట్టుకుని మాస్టరింటికి పోయింది.

యశోదమ్మ వాకిట్లో వేరుశనక్కాయలు వలుస్తోంది. మాస్టరు వసారాలో పేపరు చదువుతున్నాడు.

"అమ్మా, పోయినేడు పాము గాదు" అంది గుల్జార్ బీ.

"ఏం పాము?"

గుల్జార్ బీ గుడ్డ పరిచి, దిబ్బ సంగతి, గడ్డి కొక్కు సంగతి, తోకల సంగతి చెప్పింది. యశోదమ్మ వలవడం ఆపింది. ఆమె మొహంలో మొదట కనిపించింది భయం కాదు, ఉక్రోషం.

"పాము గాదా? నాగుల చవితికి పుట్టకు పాలు పోసి, గుడ్లు పెట్టి, తప్పైపోయింది తండ్రీ అని పొర్లుదండాలు పెట్టి వస్తిని గదే! ఈయన్ని ఎండలో సెప్పుల్లేకుండా నడిపిస్తిని!"

"అంటే పాము మీద అన్యాయంగా కేసు పెట్టినాం" అన్నాడు మాస్టరు పేపరు వెనకనుంచి.

"నువ్వు నోరు మూసుకో! ఏమి బీబమ్మా, నీ సేతులారా గీకి పెట్టినావన్నమాట మాకు?"

"నా సేతులారానే అమ్మా."

"పిల్లలు పోయుంటే?"

యశోదమ్మ గుడ్డను వీధిలోకి విసిరేసింది. "పో. మా గడప తొక్కొద్దు."

చీకటి పడేలోపల సంగతి పుంగనూరంతా పాకింది. పామును నమ్మినంత తేలిగ్గా జనం దీన్నీ నమ్మారు. తేడా ఒక్కటే, పాము దగ్గర ఎవరూ కొక్కులు కొనరు. రంజాన్ పోయాక ఆమె గోనెపట్టా పరిచేసరికి, ఆమె చోటుకు పదడుగుల అవతల వెంకటలక్ష్మమ్మ అనే ఆమె కొత్తగా కూర్చుని ఉంది. ఆమె ముందు తెల్లగా గీకిన మొగ్గల కుప్పలు. జనమంతా అక్కడే.

గుల్జార్ బీ లేచి వెళ్లి చెప్పింది. "అక్కా, తోకలు కొయ్యొద్దు. తల గీకొద్దు. విచ్చినవే అమ్ము."

"నీ గిరాకీ పోయిందని నా గంప మీద పడతాండావా?" అంది వెంకటలక్ష్మమ్మ. "జనాల్ని పడేసింది నేనా, నువ్వా?"

ఆ మాటకు బస్సు కోసం నిలబడ్డవాళ్లు నవ్వారు. గుల్జార్ బీ వెనక్కి వచ్చి కూర్చుంది. ఆమె పట్టా మీద ఉన్నవి అప్పటివరకు ఆ బస్టాండులో ఎవరూ అమ్మని సరుకు: విచ్చిన కొక్కులు, మట్టితో, మూరెడు తోకలతో, కుచ్చిళ్లు పైకి కనిపించేట్టు వెల్లకిలా పరిచినవి. చచ్చిన పిట్టల్లా ఉన్నాయని ఒకరన్నారు. సిద్దమ్మ కూడా మొదట్లో ఎగిరిపడింది. విచ్చినవి బస్సు కుదుపుకు చిట్లిపోతాయని, తోకతో తవ్వి తీయాలంటే మూడు పూటలు పడుతుందని ఏకరువు పెట్టింది. మొగ్గల ధరే వీటికీ ఇస్తానని గుల్జార్ బీ ఒప్పుకున్నాకే గంపలో అరిటాకులు పరిచి తేవడం మొదలుపెట్టింది. ఆ ఏడు అమ్మినదానికన్నా ఇంట్లో తిన్నదే ఎక్కువ. బాబు సాహెబ్ కొక్కు పేరెత్తితే తెలుగులోకి దిగేవాడు. వెంకటరమణప్ప వచ్చినప్పుడల్లా కొనేవాడు గానీ, ఒక్క మనిషి ఎంత తింటాడు?

ఆమె మాత్రం అడగడం మానలేదు. కొనకపోయినా ఆగి చూసినవాళ్లకల్లా ఒక కొక్కును ఎత్తి, ఇది ముక్కు, ఇది తోక, ఇవి కుచ్చిళ్లు అని చూపించి, మీ ఊళ్లో గడ్డిలో ఎట్లాంటివి మొలుస్తాయి అని అడిగేది. బి.కొత్తకోట నుంచి వచ్చే ఒక శనక్కాయల వ్యాపారి తమ చేలగట్ల మీద మొలిచేవాటిని కాగితంలో చుట్టి తెచ్చి ఇచ్చాడు. ఆమె ఒక్కో రకాన్నీ గుడ్డ మీద బోర్లించేది. తెల్లపొడి, తుప్పురంగు పొడి, నల్లపొడి. పేర్లు మదనపల్లె పోయి అడిగేది. కొన్నిటికి వెంకటరమణప్ప దగ్గర పేరుండేది, కొన్నిటికి ఉండేది కాదు. పేరు లేనివాటి మీదే ఇద్దరూ ఎక్కువసేపు మాట్లాడుకునేవాళ్లు.

1984 వానల్లో ఒక పొద్దున పట్టా ముందు రెండు కాళ్లు వచ్చి ఆగాయి. తలెత్తితే యశోదమ్మ. పలకరింపు లేదు. ఆమె వంగి ఒక కొక్కును ఎత్తి, తలకిందులు చేసి, కుచ్చిళ్లలో వేలు పెట్టి చూసింది. ముక్కును గిల్లింది. తోకను కొసదాకా తడిమింది. అవతల వెంకటలక్ష్మమ్మ కుప్పలు సర్దడం ఆపింది. యశోదమ్మ ఇంకొకటి ఎత్తింది. అట్లా కుప్పలో ఉన్నవన్నీ చూసింది.

"ఏంది బీబమ్మా ఇంత మట్టి?" అంది చివరికి. "సగం పుట్టే అమ్ముతాండావు గదా!"

"మీరు సూసినారు గదమ్మా, ఇప్పుడు గీకిస్తా" అని గుల్జార్ బీ రేకుముక్క తీసింది.

"నువ్వు ముట్టుకోవద్దు! నేనే గీక్కుంటా." యశోదమ్మ కొంగు పరిచి కుప్పను అందులోకి ఎత్తుకుంది. ఎత్తుకున్నాక కదలకుండా అట్లాగే నిలబడింది. "మట్టికి ఇంకో రెండు ఎయ్యి."

"రెండా? మట్టికేమన్నా డబ్బులు తీసుకుంటాండానా అమ్మా?"

"ఎయ్యంటే ఎయ్యి."

గుల్జార్ బీ పక్క కుప్పలోంచి ఒకటి తీసి, కుచ్చిళ్లు కనిపించేట్టు తిప్పి, ఆమె కొంగులో వేసింది.